చేత్తో చేసిన సారె



పండుగ దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో ముందుగా వచ్చే మాట, "ఈసారి ఎవరికి ఏం పెట్టాలి?" అన్నది. ఆడబిడ్డకు చీర, మేనకోడలికి గౌను, కొత్త అల్లుడికి బట్టలు అంటూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవడం, ఆ లెక్క జీతంలో ఇమడక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడం మనకు కొత్తేమీ కాదు. ఈ లెక్కలో ఎన్నడూ చేరని వస్తువులు కొన్ని వున్నాయి. అవి ఇంట్లో చేత్తో చేసినవి. ఖరీదు లేదు గనక వాటికి పద్దు లేదు. పద్దు లేదు గనక చరిత్ర కూడా లేదనుకుంటాం.

నా జీవితం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ల మధ్యనే గడిచింది. పుట్టింది సూర్యాపేటలో, మెట్టింది మిర్యాలగూడలో, మా అక్కయ్యను ఇచ్చింది కోదాడలో. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు సూర్యాపేట, కోదాడ ఒక జిల్లాలోకి పోయాయి, మిర్యాలగూడ నల్లగొండలో మిగిలింది. అయినా మా ఇళ్ల రాకపోకలకు ఆ సరిహద్దు ఏమీ అడ్డం రాలేదు లెండి. ఈ మూడు ఊళ్లలో ఆడవాళ్లు పండుగలకూ పురుళ్లకూ తమ చేతులతో చేసి ఇచ్చిన వాటి సంగతి ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

దానం చేసిన ఆడవాళ్ల పేర్లు మన ప్రాంతంలో చాలా పాతకాలం నుంచే రాళ్లమీద వున్నాయి. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజకుటుంబానికి చెందిన చాంతిసిరి మహాచైత్యం నిర్మాణానికి పూనుకున్నదని, బోధిసిరి అనే ఉపాసిక బౌద్ధ భిక్షువుల కోసం కట్టడాలు చేయించిందని అక్కడి శాసనాలు చెబుతున్నాయి. మా సూర్యాపేట పక్కనే వున్న పిల్లలమర్రిలో కాకతీయుల కాలంనాటి రేచర్ల రెడ్ల గుడులు చూసే వుంటారు. వాటిలో ఎరకేశ్వరాలయానికి ఆ పేరు ఎరకసానమ్మ అనే ఇల్లాలి వల్ల వచ్చింది. రాజుల ఇంటి ఆడవాళ్లు, సామంతుల ఇంటి ఆడవాళ్లు ఇచ్చిన దానాలు ఇలా నిలిచాయి. అదే ఊళ్లో ఆనాడు ఒక తల్లి బాలింత కూతురికి ఏం కుట్టి ఇచ్చిందో, పిల్లవాడికి ఏ బొమ్మ చేసి ఇచ్చిందో ఎవరు చెక్కుతారు? నాగార్జునకొండ లోయ సాగరు నీటిలో మునిగే ముందు 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో శిల్పాలతో పాటు పూసలూ మట్టిబొమ్మలూ కూడా బయటపడ్డాయి. వాటిని ధరించినవారి పేర్లు, ఆడుకున్నవారి పేర్లు మాత్రం తెలియవు.

సరే, మన కాలానికి వద్దాం. ఇంట్లో చేసే వస్తువుల్లో మా వైపు మొదటి పీట బతుకమ్మదే. దేవత గదమ్మా, వస్తువంటావేమిటి అని మీరు అడగవచ్చు. దేవతే. కాని ఆ దేవతను ప్రతి ఇంట్లో ఆడవాళ్లు తమ చేత్తో చేసుకుంటారు. శిల్పి అక్కర్లేదు, పురోహితుడు అక్కర్లేదు, అంగట్లో కొనుక్కురావడం అక్కర్లేదు. అక్కర్లేదు అనడం కంటే, అక్కర్లేకుండా వుండేది అనాలి, ఆ సంగతి తర్వాత చెబుతాను.

దీనికి ముందు బొడ్డెమ్మ వుంది. పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్ను తెచ్చి, పీటమీద మెట్లు మెట్లుగా అలికి, పైన చిన్న గోపురంలా చేసి, పూలు గుచ్చి తొమ్మిది రోజులు ఆడతారు. అంటే బతుకమ్మకు ఇది బడి వంటిది. మట్టితో మెట్టు మీద మెట్టు నిలపడం నేర్చుకున్న పిల్ల, పెద్దదై పూలతో వరుస మీద వరుస నిలుపుతుంది. బొడ్డెమ్మను నీళ్లలో కలిపేశాక మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, చివరకు సద్దుల బతుకమ్మ. అలిగిననాడు బతుకమ్మను పేర్చరు. తొమ్మిది రోజుల్లో ఒకరోజు అలకకు కూడా చోటు పెట్టిన పండుగ ఇంకెక్కడైనా వుందేమో నాకు తెలియదు. ఆడవాళ్ల పండుగ అని అక్కడే తెలిసిపోతుంది.

పేర్చడం చూడడానికి సులువుగా వుంటుంది. తాంబాళంలో గాని, వెదురు సిబ్బిలో గాని అడుగున గుమ్మడాకులో ఆముదపాకులో పరుస్తారు. అంచువెంట తంగేడు పూలు గుండ్రంగా పేర్చి, నడుమ ఖాళీలో పూలు తుంచిన కాడలూ ఆకులూ నింపుతూ పోతారు. ఆ నడిమి నింపుడు వదులైతే నాలుగో వరుసకల్లా బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. పైన గునుగు. గునుగుపూలను కట్టలు కట్టి, తలలు సమంగా కోసి, కొన్నింటిని తెల్లగానే వుంచి, కొన్నింటిని రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. రంగు వేసిన గునుగు తడి ఆరకముందే పేరిస్తే ఏమవుతుందో నన్నడగండి. పెళ్లయిన మొదటి ఏడు మిర్యాలగూడలో, అత్తవారి బజారులో నా పనితనం చూపించాలని తొందరపడి తడి గునుగు పేర్చాను. తలమీద పెట్టుకుని చెరువుకు పోయేసరికి ఎర్రరంగు, పచ్చరంగు కలిసి నా కొత్తచీర భుజంమీదుగా కిందికి దిగింది. మా అత్తమ్మ నవ్వు ఆపుకుని, "పోనియ్యి బిడ్డా, గౌరమ్మ నీ మీద కూడ ఆడింది" అన్నది. ఆ మరక పోలేదు.

గునుగు మీద బంతి, చేమంతి, కట్ల పూలు, చివరన గుమ్మడిపువ్వు, అందులో పసుపు గౌరమ్మ. సద్దులనాడు పెద్ద బతుకమ్మ పక్కన చిన్న బతుకమ్మ కూడా వుంటుంది. దాన్ని సాధారణంగా ఇంటి ఆడపిల్లచేత పేర్పిస్తారు. వంకరగా వచ్చినా దిద్దరు. చెరువులో వదిలిన తర్వాత మలీద, సత్తుపిండి, నువ్వుల పొడి, పెరుగు సద్ది, చింతపండు పులిహోర ఒకరి చేతినుంచి ఒకరు తీసుకుని తింటారు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదీ. ఏ ఇంటిది ఎక్కువ, ఏ ఇంటిది తక్కువ అని తూచే వీలు లేకుండా అందరి పొడులూ అందరి చేతుల్లో కలిసిపోతాయి.

రోజుల తరబడి కష్టపడి చేసినదాన్ని ఒక్క సాయంత్రంలో నీళ్లపాలు చేయడమేమిటని చదువుకున్న మా మరదలు ఒకసారి అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. కాని చరిత్ర రాసేవారికి ఇది పెద్ద చిక్కు. గుడి నిలుస్తుంది, బతుకమ్మ నిలవదు. పాతకాలపు బతుకమ్మ ఒక్కటీ ఏ మ్యూజియంలోనూ వుండదు. తల్లి చేతిని చూసి కూతురి చేయి నేర్చుకోవడం తప్ప దానికి మరో దాఖలా లేదు. నడుమ ఒక్క తరం మానేస్తే అంతే.

ఆ చేతుల గుంపు ఊరికే పూలకోసమే కూడలేదని మా జిల్లా కథ చెబుతుంది. నిజాం పాలనలో మా నల్లగొండ జిల్లా పల్లెల్లో దొరల వెట్టి ఎలా వుండేదో మీ ఇళ్లలో పెద్దలున్నవారు విని వుంటారు. 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధపోరాటంలో సూర్యాపేట తాలూకా ముందు వరసలో వున్నది. మగవాళ్లు నలుగురు కూడితే అనుమానం. ఆడవాళ్లు పూలు పెట్టుకుని చప్పట్లు కొడుతూ తిరిగితే అది పండుగ. ఆ వరుసల్లోనే, ఆ ఉయ్యాల వల్లెలోనే దొరల దౌర్జన్యం, సంఘం మాట వచ్చి చేరాయి. కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం ఆ పాటలు పాడుతూనే పల్లెల్లో ఆడవాళ్లను కూడగట్టింది. తర్వాత తుంగతుర్తి నుంచి 1978లోను, 1983లోను శాసనసభకు ఎన్నికైంది. 2022లో కన్నుమూసింది. ఆ పోరాటంలో నడిచిన ఆడవాళ్లు చెప్పిన మాటలను స్త్రీ శక్తి సంఘటన వారు 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకంగా తెచ్చారు. ఆ పేరు చూడండి, ఎంత సరిగ్గా పెట్టారో. వీలైతే గ్రంథాలయంలో అడిగి చదవండి. వంటింటి మాటల్లోనే వుంటుంది, భయపడనక్కర్లేదు.

ఇప్పుడు నీళ్ల కథ. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఆ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు నేలను తడిపింది. అంతకుముందు ఇవి చాలావరకు జొన్న, ఆముదం, కంది పండే మెట్టభూములు. ఆముదం గింజ దీపానికీ తలకూ పనికివస్తే, ఆకు బతుకమ్మ అడుగుకు పనికివచ్చేది. కాయ మీది తొక్క కాల్చిన బూడిదతో, నూనెతో నూలు పదును చేసి పుట్టపాకలో తేలియా రుమాళ్లు నేసేవారు, ఇప్పటికీ నేస్తారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. జొన్న కోతలయ్యాక సొప్పదంటు పిల్లలదే. పైతొక్క పేలికలుగా చీల్చి, లోపలి తెల్లటి బెండు ముక్కలు కోసి, ఒకదానిలో ఒకటి గుచ్చి ఎడ్లబండి, నాగలి, కళ్లద్దాలు చేసేవాళ్లం. మా తాతయ్యకు నేను బెండు కళ్లద్దాలు చేసి ఇస్తే, అవి పెట్టుకుని ఊరి పెద్దమనుషుల మధ్య కూర్చున్నాడట. పండుగ కానుక అంటే నాకు మొదట గుర్తువచ్చేది అదే. తాటికాయ బుర్రలు చక్రాలుగా బండి, తాటాకుతో పెళ్లికూతురు, పెళ్లికొడుకు, ఇవన్నీ నా వయసువాళ్లకు తెలిసినవే.

కాలువ వచ్చాక జొన్న తగ్గి వరి వచ్చింది. మిర్యాలగూడలో రైసుమిల్లులు లేచాయి. అన్నం కోసం ఎదురుచూసిన ఇళ్లలో రెండుపూటలా అన్నం వండారు. దీన్ని ఎవరూ కాదనలేరు, నేనసలే అనను. మా అమ్మ జొన్నరొట్టె తిని మాకు అన్నం పెట్టిన రోజులు నేను చూశాను. కాని పూలకు ఏమైందో కూడా చెప్పాలి గదా. గునుగు మెట్టచేలల్లో, జొన్నలోనూ పత్తిలోనూ కలుపుగా మొలిచే మొక్క. తంగేడు బీడులో, బాట పక్కన, గట్టుమీద పెరిగే పొద. బురదమడిలో గునుగు మొలవదు. బీడు మిగలని చోట తంగేడు మిగలదు. అందుకే కాలువ కింది ఊళ్లలో గంపలెత్తుకుని పూలకు పోయే పిల్లలు, పోను పోను దూరం పోవలసి వచ్చింది. తర్వాత పోవడం మానుకున్నారు. ఇప్పుడు మెట్టవైపు నుంచి పూలమూటలు మా బజారుకు వస్తాయి, మనం కట్టకింత అని బేరమాడి కొంటాం. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు. 2017 నుంచి కొన్నేళ్లు సర్కారు చీరలు కూడా పంచారు. పండుగకు గౌరవం పెరిగింది, సంతోషమే. గునుగు మొలిచే జానెడు నేల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. పెరట్లో రెండు గజాలు వున్నవారు గునుగు గింజలు చల్లి చూడండి, ఏ ఎరువూ అడగదు.

ఐతే కాలువ కొత్త చేతిపనిని కూడా మా ఇళ్లకు తెచ్చింది. వరికంకుల కుచ్చు. ఇది కృష్ణా, గోదావరి డెల్టాల్లో పాతదే, మాకు కొత్త. కొత్తపంట కోసినప్పుడు మంచి కంకులు జానెడు కాడతో ఏరి, ఆకు ఒలిచి, కాడలు తడిగుడ్డలో చుట్టి పెడితే విరగవు. జడ అల్లినట్టే మూడు పాయలు పట్టి, ప్రతి మలుపుకూ రెండేసి కంకులు చేర్చుకుంటూ పోవాలి. కంకులన్నీ ఒకవైపు వేలాడేలా చూసుకుని చివర ముడివేసి వసారాలో కడితే, సంక్రాంతి దాటిందాకా పిచ్చుకలు వచ్చి తింటాయి. గుడిలోనూ కడతారు. మాకు మొదటిసారి దీన్ని నేర్పింది గుంటూరు వైపు నుంచి భూమి కొనుక్కుని వచ్చిన పొరుగింటి పిన్నిగారు. ఆమెకు మేము గునుగు కట్టడం నేర్పాము. పొలాల ధరల దగ్గర, నీళ్ల వంతుల దగ్గర మగవాళ్ల మధ్య మాటా మాటా వచ్చిన రోజుల్లో కూడా ఆ వసారాలో మా రాకపోకలు ఆగలేదు. ఇప్పుడు కోతమిషన్లు వచ్చాయి. మిషను కోస్తే చేతికి కాడ దొరకదు, గడ్డి నలిగి పోతుంది. కుచ్చు కావాలంటే మిషను దిగకముందే గట్టువార ఒక గుప్పెడు కొడవలితో కోసి పెట్టుకోవాలి. రైతు ఇంట్లో చుట్టరికం వున్నవారు ముందే చెప్పి వుంచండి.

కోదాడ సంగతి వేరు. అది విజయవాడ రోడ్డు మీది ఊరు. మా అక్కయ్య ఇంట్లో రేడియో పెడితే విజయవాడ కేంద్రం గలగలా పలికేది, మా సూర్యాపేట ఇంట్లో హైదరాబాదు కేంద్రం. పండుగలు కూడా అలాగే. కోదాడలో దసరాకు బతుకమ్మ, సంక్రాంతికి గొబ్బెమ్మలు, కొన్ని ఇళ్లలో బొమ్మల కొలువు. కొండపల్లి నుంచి వచ్చిన తెల్లపొణికి బొమ్మలు పై మెట్లమీద, ఇంట్లో చేసిన గుడ్డబొమ్మలు, అగ్గిపెట్టెల మంచాలు, ఆవాలు చల్లి మొలిపించిన పొలం కింది మెట్టుమీద. చూడవచ్చిన పిల్లలంతా కింది మెట్టు దగ్గరే కూర్చునేవారు. మా తెలంగాణ ఇళ్లలో సంక్రాంతికి నోములు ముఖ్యం. పదమూడు మంది ముత్తయిదువులకు ఒకే రకం వస్తువు పంచాలి. మట్టి గురుగులు, వత్తుల కట్టలు, పసుపు కుంకుమ పొట్లాలు, ఇంట్లో కుట్టిన చిన్న సంచులు ఇచ్చేవారు. ఇప్పుడు స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు. అవి ఈ ఇంటినుంచి ఆ ఇంటికి, ఆ ఇంటినుంచి మరో ఇంటికి తిరిగి తిరిగి ఒక్కోసారి మళ్లీ మన ఇంటికే వస్తాయి! వత్తులైతే వెలిగి పోతాయి గనక ఆ బాధ లేదు. కార్తీకపౌర్ణమికి మూడువందల అరవై ఐదు వత్తులు కట్టి ఇచ్చే పెద్దమ్మ ఒకామె మా వాడలో వుండేది. ఇంటి పత్తి గింజ తీసి, ఏకి, తొడమీద తిప్పి చేసేది. చూపు తగ్గినా వేళ్లు తప్పలేదు.

మిర్యాలగూడ, దామరచర్ల వైపు తండాల్లో లంబాడీ ఆడపిల్లలు తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లుపోసి నారు పెంచుతారు. వారి అద్దాల కుట్టు సంగతి వేరే చెప్పాలి. పిల్ల తన పెళ్లిబట్టలు తానే కుట్టుకునేది. క్రిస్మస్‌కు మా వీధి చివరి ఇంట్లో వెదురుబద్దలకు రంగుకాగితం అంటించి నక్షత్రం చేసి, లోపల దీపం పెట్టి కట్టేవారు. రంజానుకు మా అమ్మ స్నేహితురాలు చేసి పంపే సేమ్యా చేత్తో తిప్పినది, మంచంమీద తెల్లగుడ్డ పరిచి ఆరబెట్టేది. ఒకరి పండుగ కానుకలు ఒకరింటికి పోవడానికి ఎవరినీ అడగవలసిన పని వుండేది కాదు.

ఇక బొంత గురించి చెప్పాలి. ఇది చెప్పడానికే అసలు ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

1970లో మా అక్కయ్యకు తొలికాన్పు. అప్పటికి రెండేళ్లుగా మా నాన్నకు వ్యాపారం బాగాలేదు. మనవణ్ణి అత్తవారింటికి పంపేటప్పుడు వెండిగిన్నె, వెండి మొలతాడు, తొట్టెల పెట్టడం రివాజు. తొట్టెల ఎలాగో చేయించారు. వెండికి డబ్బు లేదు. మా అమ్మ నాలుగు పాతచీరలు తీసింది. అందులో ఒకటి ఆమె పెళ్లినాటి నూలుచీర. అంచులు విప్పి, గంజిపోయేలా రెండుసార్లు ఉతికి, మంచం మీద ఒకదానిపై ఒకటి పరిచి, నాలుగు మూలలా టాకాలు వేసింది. చీర అంచునుంచి లాగిన దారంతోనే కుట్టింది. నడుమనుంచి మొదలుపెట్టి అంచులకు పోవాలట, లేకపోతే గుడ్డ ఉబ్బుతుందట. ఇరవై రోజులు మధ్యాహ్నం పూట కూర్చుని కుట్టింది. మూలల్లో గవ్వల్లాంటి కుట్టు, నడుమ చిన్న చిలక.

ఆ బొంత కోదాడ చేరాక చూడవచ్చిన చుట్టాలావిడ ఒకరు వేళ్లతో పట్టి చూసి, "పుట్టింటివారు పాతచీరలు పంపిండ్రా?" అన్నదట. అక్కయ్య అత్తగారు ఏమీ అనలేదు, కాని ఆమె ఆ మాట కాదనలేదు కూడా. మా అమ్మ ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేసింది. ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. సూదిపెట్టె తీసి పైన అటకమీద పెట్టింది. చాలాకాలం దాన్ని దించలేదు.

పాతచీర కాబట్టే అది పసిబిడ్డకు మంచిదన్న మాట ఆ గదిలో ఒక్కరికీ తోచలేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను. వందసార్లు ఉతికిన నూలు ఒరవదు, చెమట పీలుస్తుంది, తడిస్తే గంటలో ఆరుతుంది. ఆ మాట నాకు పుస్తకం చదివితే తెలియలేదు. నా మొదటి పాపకు నేనే నైలెక్సు చీరలతో బొంత కుట్టాను. అప్పట్లో ఇళ్లనిండా నైలెక్సు, టెరిలిన్ చీరలే గదా. చూడడానికి నిగనిగలాడింది. పాప దానిమీద వేసిన పావుగంటకే చెమటలు పట్టి ఏడ్చేది. కిందికి జారిపోయేది కూడా. రెండోరోజే తీసి పెట్టెమీద కప్పాను. ఇళ్లలోనుంచి నూలుచీర పోయాక బొంత కూడా పోయింది. మానేసినవాళ్లు బద్ధకస్తులని అనడం న్యాయం కాదు, కుట్టడానికి గుడ్డ లేదు.

అసలు మన చేతిపనిని తక్కువగా చూసే అలవాటు ఎక్కడినుంచి వచ్చింది? ఖాళీగా వున్నప్పుడు చేసేది, కాలక్షేపం, అంటారు. దీనిమీద ఒక ఉదాహరణ చెబుతాను. నరసాపురం లేసు పేరు విన్నారు గదా. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాలో ఆడవాళ్లకు నేర్పిన క్రోషా పని అది. ఇంట్లో కూర్చుని అల్లిన ఆ లేసు దేశదేశాలకు ఎగుమతి అయింది. జర్మనీ దేశపు పరిశోధకురాలు మరియా మీస్ అక్కడి ఆడవాళ్ల మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. రోజుకు ఎన్నో గంటలు లేసు అల్లే ఆ స్త్రీలను కూలివాళ్లుగా ఎవరూ లెక్కవేయలేదని, ఇంట్లో తీరికగా కూర్చున్న గృహిణులుగానే చూశారని, అందువల్లే వారికి అంత తక్కువ ముట్టిందని ఆమె చూపించింది. అక్కడ డబ్బు చేతులు మారింది గనక కనీసం ఒక లెక్క తేలింది. మా అమ్మ ఇరవై మధ్యాహ్నాలకు లెక్క ఎవరు కట్టాలి?

1950ల తర్వాత మహిళామండళ్లు వచ్చాయి. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడ్డాక ఊళ్లలో కుట్టు, అల్లికల క్లాసులు ఎక్కువయ్యాయి. ఆ క్లాసులవల్ల మా తరంలో చాలామందికి చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. నా స్నేహితురాలు ఒకామె కుట్టుమిషనుతో ఇద్దరు పిల్లల్ని చదివించింది. కాకపోతే అక్కడ నేర్పినవి క్రాసుస్టిచ్ కుక్కపిల్లలు, ఉన్ని స్వెట్టర్లు, ప్లాస్టిక్ వైరు బుట్టలు. మా ఎండల్లో స్వెట్టరు ఎవరికి కావాలి చెప్పండి! బొంత కుట్టడం, గునుగు కట్టడం ఏ పాఠంలోనూ లేవు. నేర్పేవారు చెడ్డవారని కాదు. అవి మనకు వచ్చినవే గదా, నేర్పడమెందుకు అనుకున్నారు. ఒక తరం గడిచాక అవే రాకుండా పోయాయి. వైరు బుట్టలను మాత్రం నేను తీసిపారేయను. నలభై ఏళ్ల కిందట అల్లిన నా బుట్టతోనే ఇప్పటికీ కూరగాయలు తెచ్చుకుంటున్నాను.

మా అమ్మ కుట్టిన బొంత ఏమైందో చెప్పలేదు గదా. అక్కయ్యకు నలుగురు పిల్లలు. నలుగురూ దానిమీదే పెరిగారు. ఆడబిడ్డ కాన్పుకు వస్తే ఆమె పిల్లా దానిమీదే పడుకుంది. నాడు వేళ్లతో పట్టి చూసిన చుట్టాలావిడ తన మనవరాలికని అడిగి ఆరునెలలు తీసుకుపోయి, ఉతికి, మడతపెట్టి తెచ్చి ఇచ్చింది. పాతమాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఈ సంగతి అక్కయ్య చెప్పినప్పుడు మా అమ్మ "ఊఁ" అన్నది. మరునాడు నన్ను పిలిచి, "అటక మీద సూదిపెట్టె వుంటది, దించు" అన్నది.

ఇప్పుడు ఆ బొంత నా దగ్గర వుంది. అంచులు చివికి లోపలి పొర కనిపిస్తోంది, చిలక ముక్కు ఊడిపోయింది. వచ్చే నెల అక్కయ్య మనవరాలికి పురుడు. పాతదాని మీద కొత్తగా ఒక పొర వేయాలని నూలుచీర కోసం మూడు ఇళ్లు అడిగాను. చివరకు కోదాడలో అక్కయ్య అత్తగారి పెట్టెలో ఒకటి దొరికింది. ఎర్ర అంచు, ఊదా గళ్లు. నిన్ననే ఉతికి ఆరేశాను. మా మరదలు కుడతానంటోంది. నడుమనుంచి మొదలుపెట్టమని చెప్పాను.